బ్రాన్‌స్టన్ నుంచి ఫాక్స్‌టన్ దాకా, లాకుల మీదుగా

ఇంగ్లండ్‌లో నారోబోటు, అంటే కాలవల మీద తిరిగే సన్నని పొడుగాటి పడవ, అద్దెకు తీసుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఈ మాట చెబితే ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లు కూడా నమ్మరు. అరవై అడుగుల ఇనప పడవను మనకు అప్పగించి, ఒక గంటా గంటన్నర సేపు అన్నీ చూపించి, "ఇక మీదే, వెళ్లిరండి" అంటారు. నిజంగా అంతే. కానీ ఆ గంటన్నరలో చెప్పేదంతా చెవులు పెట్టుకుని వినాలి.

మేము వెళ్లింది గ్రాండ్ యూనియన్ కాలవ మీద, నార్తాంప్టన్‌షైర్‌లోని బ్రాన్‌స్టన్ నుంచి లెస్టర్‌షైర్‌లోని ఫాక్స్‌టన్ దాకా. కారులో అయితే గంట కూడా పట్టని దూరం. కాలవ మీద మాత్రం మధ్యలో పడవను పై మట్టానికో కింది మట్టానికో చేర్చే 23 లాకులు, మూడు సొరంగాలు. మేమిద్దరం, మా అబ్బాయి, కొవెంట్రీ నుంచి అన్నయ్య, వదిన, ఇంకా ఆ వేసవికి మా దగ్గరికి వచ్చిన నాన్న. మాది ఆత్రేయపురం వైపు. నాన్న జీవితమంతా గోదావరి కాలవ కిందే వ్యవసాయం చేశారు. పడవ ఎక్కుతూనే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మాయ్, ఈ కాలవ కింద ఆయకట్టు ఎంత?"

ఆయకట్టే లేదు. ఈ కాలవలు తవ్వింది పొలాల కోసం కాదు, సరుకుల కోసం. రైళ్లు రాకముందు బొగ్గు, ఇటుక, ధాన్యం ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరాలంటే ఇవే దారులు. లండన్‌ను మధ్య ఇంగ్లండ్‌తో కలిపే ఈ కాలవకు పార్లమెంటు 1793లో చట్టం చేసింది. గట్టు మీద గుర్రం నడుస్తుంటే తాడుతో వెనకే పడవ వచ్చేది. నాన్న కాసేపు నీళ్ల వైపే చూసి, "పారడమే లేదు. మరి నీళ్లు తరిగిపోతే ఎక్కడి నుంచి వస్తాయి?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు దారి పొడుగునా దొరుకుతూనే వచ్చింది. నాకైతే ఈ ప్రయాణంలో అసలు విషయం అదే అనిపించింది.

ముందు పడవ సంగతి. పొడవు ఎంతైనా వెడల్పు మాత్రం 6 అడుగుల 10 అంగుళాలు, అంతే. చిన్న లాకుల వెడల్పు 7 అడుగులు కాబట్టి పడవలూ ఆ కొలతకే కట్టారు. లోపల వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ రైలు పెట్టెలోలాగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక డీజిల్ ఇంజను, దాని పైన నిలబడి చుక్కాని పట్టుకోవాలి. చుక్కాని కర్ర కుడికి తోస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. అదీ వెంటనే తిరగదు, రెండు మూడు క్షణాలు ఆగి తిరుగుతుంది. బ్రేకు లేదు. ఆపాలంటే గేరు వెనక్కి వేయాలి. మా ఆయనకు ఇది పట్టుబడేసరికి మొదటి వంతెన దాటిపోయింది. గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్లు. గట్టుకు కట్టి ఉన్న పడవల పక్క నుంచి వెళ్లేటప్పుడు ఇంకా తగ్గించాలి. లేకపోతే మన పడవ లాగే నీటికి వాళ్ల తాళ్లు, మేకులు ఊడొస్తాయి, లోపల పొయ్యి మీద గిన్నెలు కదిలిపోతాయి. ఆ పడవల్లో చాలావరకు ఎవరిదో ఒకరి కాపురం ఉంటుంది. ఇక్కడ కాలవ మర్యాద అంటే ముందుగా ఇదే.

ఇంజను నడపడం ఒకరికి వస్తే చాలు. లాకు పని మాత్రం మిగతా అందరిదీ.

లాకు అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం చెబుతాను. కాలవ నీరు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మారే చోట, రెండు చివరలా తలుపులున్న ఒక ఇటుక గది ఉంటుంది. పైకి ఎక్కాలంటే, గదిలో నీళ్లు కింది మట్టంలో ఉన్నప్పుడు పడవ లోపలికి వెళుతుంది. వెనక తలుపులు మూసి, వాటి షట్టర్లు (నీళ్లు వదిలే చిన్న పలకలు) దించాలి. తర్వాత పై వైపు షట్టర్లు ఎత్తితే పై కాలవ నీరు గదిలోకి దిగి, దాంతోపాటు పడవ పైకి లేస్తుంది. పంపు లేదు, కరెంటు లేదు. నీటి బరువు, మనిషి నడుం, అంతే.

బ్రాన్‌స్టన్‌లో వరసగా 6 లాకులు ఉన్నాయి. ఇవి 14 అడుగుల వెడల్పువి, రెండు నారోబోట్లు పక్కపక్కన పడతాయి. మొదటి లాకులోకి మా పడవ ఒక్కటే వెళ్లింది. నేనూ అన్నయ్యా గట్టు మీద ఉన్నాం. నా చేతిలో విండ్‌లాస్, అంటే ఎల్ ఆకారంలో ఉన్న బరువైన ఇనప పిడి. దాన్ని షట్టరు పళ్లచక్రం ఇరుసుకు తగిలించి తిప్పాలి. తిప్పుతుంటే ఒక ఇనప నాలుక ఒక పంటి మీంచి ఇంకో పంటి మీద పడుతూ టకటకమని చప్పుడు చేస్తుంది. షట్టరు వెనక్కి జారిపోకుండా ఆపేది ఆ నాలుకే. షట్టరు ఎత్తాక విండ్‌లాస్‌ను ఇరుసు మీద వదిలేయకూడదని శిక్షణలో రెండు మూడు సార్లు చెప్పారు. నాలుక జారిందంటే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది, లేదా ఎగిరి మొహానికి తగులుతుంది.

నేను షట్టరు దగ్గరికి వెళుతుంటే, వెనక పడవలోంచి దిగి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన నిలబడింది. వాళ్లాయనా ఆవిడా రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి పడవలోనే ఉంటున్నారట. "మీ పడవ ఏ గోడకు ఆనుకుని ఉందో ఆ వైపు షట్టరు ముందు ఎత్తమ్మా. సగమే ఎత్తు. ఎత్తాక నన్ను చూడకు, మీ ఆయన్ని చూడు" అంది. నేను అలాగే చేశాను. నీరు పడవ అడుగు నుంచి అవతలి గోడకు వెళ్లి, కొట్టుకుని తిరిగొచ్చి, పడవను ఇవతలి గోడకే అదిమి పట్టింది. అవతలిది ముందు ఎత్తి ఉంటే పడవ ఈ గోడ నుంచి ఆ గోడకు ఊగిసలాడేదట. అంత బరువైన పడవ ఒక్క కుదుపు లేకుండా, గోడ మీద పచ్చని నాచు గీతలు ఒక్కొక్కటిగా ముంచుకుంటూ పైకి వస్తుంటే నేను కళ్లార్పకుండా చూశాను. ముందు మా ఆయన టోపీ కనిపించింది, తర్వాత భుజాలు, తర్వాత మనిషంతా.

నీళ్లు నిండాక తలుపు తెరవడం ఇంకో పని. తలుపులు రెండూ పై నీటి వైపు కోణంగా కలుసుకుని ఉంటాయి. పై నీరు ఎంత నెడితే అంత గట్టిగా బిగుసుకుంటాయి. లోపలా బయటా మట్టంలో అంగుళం తేడా ఉన్నా, ఇద్దరు మనుషులు తోసినా కదలవు. మట్టం సమం కాగానే, తలుపు పైనున్న పెద్ద దూలానికి వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్ని మెల్లగా నెడితే కదులుతుంది. నేలలో ఇటుకలు వరసగా పైకి లేపి పెట్టారు, కాలు జారకుండా. రెండు వందల ఏళ్లుగా ఎందరు కాళ్లు తన్నారో, ఆ ఇటుకల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి.

రెండో లాకు నుంచి ఆ పెద్దవాళ్ల పడవ, మా పడవ కలిసే ఎక్కాయి. ఇందులో స్నేహం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. లాకు ఒక్కసారి తిరిగిందంటే పై నుంచి ఒక గది నిండా నీళ్లు కిందికి పోతాయి. ఒక పడవ ఎక్కినా అంతే, రెండు ఎక్కినా అంతే. అందుకే ఇక్కడ పక్క పడవ కోసం ఆగడం అందరికీ అలవాటు. నాన్నకు ఈ పద్ధతి బాగా నచ్చింది. "వంతు పెట్టుకున్నారన్నమాట" అన్నారు.

లాకుల పైన బ్రాన్‌స్టన్ సొరంగం. 1796లో తెరిచారు. పొడవు 2,042 గజాలు. లోపల పడవ దీపం తప్ప వేరే వెలుతురు లేదు. గాలి కోసం పై నుంచి తవ్విన బావుల కింద నీళ్లు నెత్తిన పడతాయి, గొడుగో రెయిన్‌కోటో ఉండాలి. ఎదురు పడవ వస్తే పక్కపక్కన పట్టేంత వెడల్పు ఉంది గానీ, ఆ చీకట్లో అవతలి దీపం దగ్గరికి వస్తుంటే కాస్త టెన్షన్ ఉంటుంది. లోపల గట్టు లేదు. గుర్రాల కాలంలో గుర్రాన్ని కొండ మీదుగా నడిపించి, మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని రెండు గోడలనూ కాళ్లతో తన్నుకుంటూ పడవను అవతలికి చేర్చేవాళ్లు. దాదాపు రెండు కిలోమీటర్లు. మా అబ్బాయికి ఇది చెబితే పడుకుని కాళ్లు చాపి చూశాడు. వాడి కాళ్లు గోడకు చాలా దూరం!

సొరంగం దాటాక నార్టన్ జంక్షన్ దగ్గర ఎడమకు తిరిగితే లెస్టర్ దారి. అక్కడి నుంచి వాట్‌ఫర్డ్ లాకులు ఎంతో దూరం లేవు. ఇది లండన్ దగ్గరి వాట్‌ఫర్డ్ కాదు. ఇక్కడ రెండు కొండల మధ్య ఒక సందు ఉంది. రోమన్లు వేసిన దారి (ఇప్పటి ఏ5), ఈ కాలవ, రైలు పట్టాలు, ఎం1 మోటర్‌వే అన్నీ ఆ సందులోంచే వెళతాయి. లారీల హోరు వింటూ 7 లాకులు ఎక్కాలి. ఇవి 7 అడుగుల సన్న లాకులు, పడవకు రెండు పక్కలా బెత్తెడు సందు కూడా ఉండదు. ఏడింటిలో నాలుగు మెట్ల లాకులు, అంటే ఒక గది పై తలుపే ఆ పై గదికి కింది తలుపు. మధ్యలో కాలవ ఉండదు. ఇక్కడ ఎవరికి వారు వెళ్లిపోవడానికి లేదు. ముందు నడిచి వెళ్లి లాక్ కీపర్ దగ్గర పేరు రాయించుకోవాలి, ఆయన రమ్మన్నాకే పడవ కదలాలి.

వాట్‌ఫర్డ్ పైనుంచి ఫాక్స్‌టన్ దాకా దాదాపు 20 మైళ్లు ఒకే మట్టం, సముద్ర మట్టానికి 412 అడుగుల ఎత్తున. ఒక్క లాకూ లేదు. కాలవ కొండల నడుం పట్టుకుని మెలికలు తిరుగుతూ పోతుంది. ఊళ్లు దూరంగా ఉంటాయి. రెండు వైపులా గొర్రెలు, హాథార్న్ పొదలు, నీటి అంచున కొంగ. అది పడవ దగ్గరికి వచ్చేదాకా నిలబడి, లేచి, వంద గజాలు ముందుకు పోయి మళ్లీ వాలేది. మధ్యలో క్రిక్, హస్బండ్స్ బాస్‌వర్త్ సొరంగాలు. వదిన ఇక్కడే తీరిగ్గా చింతపండు పులిహోర చేసింది. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరుకు పడవ కరెంటు సరిపోలేదు, గ్యాసు మీద గిన్నెలోనే అన్నం వండుకున్నాం. రాత్రి గట్టు మీద మేకులు దిగ్గొట్టి తాళ్లు కట్టేస్తే, అదే మా ఊరు.

నాన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది. ఈ పై మట్టానికి రెండు చివరలా లాకులే. ఎవరు దాటినా నీళ్లు ఇటు వాట్‌ఫర్డ్ వైపో అటు ఫాక్స్‌టన్ వైపో దిగిపోతాయి, తిరిగి రావు. ఆ లోటు పూడ్చడానికి నేజ్‌బీ, సల్బీ, వెల్ఫర్డ్ చెరువులు కట్టారు. వాటి నీళ్లు వెల్ఫర్డ్ పాయ గుండా వచ్చి ఈ కాలవలో కలుస్తాయి. అంటే పడవలు తేలడం కోసమే కట్టిన చెరువులు. వానలు తక్కువైన ఏడాది లాకులు తెరిచే వేళలు తగ్గిస్తారు, అవసరమైతే మూసేస్తారు. "మా శివారు పొలాలకు నీళ్లు అందనట్టే" అన్నారు నాన్న.

ఆ సాయంత్రం ఆయన చాలాసేపు మాట్లాడారు. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు, డెల్టా కాలవలు సేద్యానికీ పడవలకూ రెండింటికీ పనికొచ్చేలా వేశారు. నాన్న చిన్నప్పుడు ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు పడవల మీదే వెళ్లేవట. గాలి లేకపోతే మనుషులే గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగేవాళ్లు. లాకుల దగ్గర పడవలు బారులు తీరి ఆగితే, పిల్లలంతా చూడ్డానికి పరిగెత్తేవాళ్లట. ఇప్పుడు మా ఊరి వైపు లొల్ల లాకుల దగ్గరికి జనం ఫొటోలకు వస్తారు, సినిమాల వాళ్లు షూటింగులకు వస్తారు. పడవ దాటడం చూసిన తరం మాత్రం పెద్దదైపోతోంది. మన డెల్టాలో ఒక్క లాకులోనైనా ఏడాదిలో కొన్ని రోజులు పడవను దాటించి పిల్లలకు చూపిస్తే ఎంత బాగుంటుందో అని నాకు గట్టిగా అనిపించింది. ఇక్కడ సరుకు పడవలు ఆగిపోయి దశాబ్దాలైనా, జనం వాడుతున్నారు కాబట్టే కాలవ బతికుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ల జలమార్గాలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చూస్తోంది. లాకుల దగ్గర మాకు సాయం చేసిన వాళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లే.

ఇక ఫాక్స్‌టన్. కొండ పైనుంచి చూస్తే 10 లాకులు కిందికి దిగుతూ కనిపిస్తాయి. అయిదేసి మెట్ల లాకులు రెండు వరసలు, మధ్యలో ఎదురెదురు పడవలు తప్పుకునే చిన్న చోటు. మొత్తం 75 అడుగుల దిగుడు. 1814 నుంచి పనిచేస్తున్నాయి. చుట్టూ చూడ్డానికి వచ్చిన జనం, ఐస్‌క్రీములు తింటున్న పిల్లలు. ఒక లైఫ్‌జాకెట్ వేసుకున్న వాలంటీరు మా దగ్గరికి వచ్చి, "రెండే రెండు మాటలు. చుక్కాని దగ్గరున్నాయన గడప గీతకు ముందే ఉండాలి. షట్టర్ల దగ్గరున్న వాళ్లు ముందు ఎరుపు, తర్వాత తెలుపు" అన్నాడు.

గడప గీత సంగతి దిగేటప్పుడు ప్రాణం మీది మాట. పై తలుపు కింద ఒక రాతి గడప గదిలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. పడవ వెనక భాగం దాని మీద ఉండగా నీళ్లు దిగిపోతే, వెనక అక్కడే చిక్కుకుని ముక్కు కిందికి వంగుతుంది, పడవ మునిగిపోతుంది. అది ఎక్కడి దాకా వస్తుందో గోడ అంచు మీద తెల్ల గీత గీసి ఉంటుంది. ప్రతి గదిలోనూ ఒకరు ఆ గీతనే చూస్తూ నిలబడాలని మేము ముందే అనుకున్నాం. ఆ పని అన్నయ్య తీసుకున్నాడు.

ఎరుపు తెలుపుల పని నాన్న తీసుకున్నారు. ప్రతి లాకు పక్కనా ఒక చిన్న చెరువు ఉంది. ఎరుపు రంగు షట్టరు ఎత్తితే చెరువు నీళ్లు కింది గదిలోకి వెళతాయి. తెలుపు ఎత్తితే పడవ ఉన్న పై గది నీళ్లు ఆ చెరువులోకి వస్తాయి. అందుకే ఎరుపు ముందు. చెరువు నీళ్లు కిందికి కదలకముందే తెలుపు ఎత్తితే చెరువు పొంగి గట్టు మీదికి వస్తుంది. వాలంటీరు ఇదంతా వివరంగా చెప్పబోతుంటే నాన్న చెయ్యి ఎత్తి ఆపారు. చెరువునూ రెండు గదులనూ ఒకసారి చూసి, నాతో తెలుగులో అన్నారు: "అర్థమైందమ్మా. పై గది నీళ్లు చెరువుకిస్తున్నారు, చెరువు నీళ్లు కింది గదికిస్తున్నారు. ఈ పడవ విడిచిన నీళ్లు వెనకొచ్చే పడవకి పనికొస్తాయి." నేను ఇంగ్లీషులో చెబితే వాలంటీరు తన విండ్‌లాస్ నాన్న చేతికి ఇచ్చాడు. డెబ్బై దాటిన మనిషి ఎరుపు షట్టరు ఎత్తారు, చెరువు అంచు వైపు చూశారు, నీరు తగ్గడం మొదలయ్యాక తెలుపు దగ్గరికి వెళ్లారు. ఏ లాకు దగ్గరా తొందరపడలేదు. పడవ పది లాకులూ దాటి కొండ కిందికి దిగడానికి దాదాపు గంట పట్టింది. వాడిన నీళ్లు సుమారు 25,000 గ్యాలన్లు, అంటే లక్ష లీటర్లకు పైమాటే. అంత వాడతారు కాబట్టే ఒక్కొక్క చెరువు లెక్కా అంత జాగ్రత్తగా చూస్తారు.

లాకుల పక్కనే గడ్డి మొలిచిన పెద్ద వాలు ఉంది. ఈ లాకులు ఆలస్యమవుతున్నాయని 1900లో అక్కడ ఆవిరి యంత్రంతో ఒక ఎత్తుడు ఏర్పాటు చేశారు. నీళ్లతో నింపిన రెండు పెద్ద తొట్లు, ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కేది. ఒక్కో తొట్టిలో రెండు పడవలు, 12 నిమిషాల్లో కొండ దాటేవి. కానీ వాట్‌ఫర్డ్ లాకులను వెడల్పు చేయలేదు కాబట్టి పెద్ద పడవలు రాలేదు, ఉన్న రద్దీకి బాయిలరు మండిస్తూ కూర్చోవడం గిట్టుబాటు కాలేదు. 1911కల్లా ఆపేశారు, 1928లో యంత్రాలు పాత ఇనుము కింద అమ్మేశారు. బాయిలరు గది ఇప్పుడు చిన్న మ్యూజియం. తప్పకుండా చూడండి, నమూనా బొమ్మలు చూస్తే పిల్లలకు అంతా అర్థమవుతుంది.

వెళ్లాలనుకునే వాళ్లకు కొన్ని మాటలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. మనకు వేసవిలో కాలవలు కట్టేసి మరమ్మతులు చేసినట్టు ఇక్కడ శీతాకాలంలో లాకులు ఖాళీ చేసి తలుపులు మారుస్తారు. కనీసం ముగ్గురు పెద్దవాళ్లుంటే లాకులు సులువు. పట్టున్న బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. తడిసిన ఇనుము మీదా చెక్క మీదా మామూలు చెప్పులు జారతాయి. పిల్లలకు లైఫ్‌జాకెట్ పడవ వాళ్లే ఇస్తారు, లాకు దగ్గర విప్పనివ్వకండి. విండ్‌లాస్‌లు రెండు ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. ఫాక్స్‌టన్‌లోనూ వాట్‌ఫర్డ్‌లోనూ లాక్ కీపర్లు వెళ్లిపోయాక తాళాలు వేసేస్తారు. ఆ రోజు చివరి పడవను ఎప్పుడు లోపలికి వదులుతారో ముందే ట్రస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకుని, వీలైతే పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడండి.